ముందు ఏ పిల్ల

పాలకొండలో కూర్మారావు గారికి ఒక అలవాటుంది. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, లేచి చెప్పులేసుకుంటారు. పశువుల డాక్టరుగా రిటైరయ్యాక చుట్టుపక్కల ఊళ్ళ పిల్లలకి ఇంటి అరుగు మీద బయాలజీ చెబుతున్నారు. గుండెకి నాలుగు గదులెందుకని అడిగినవాళ్ళని మాంసం కొట్టుకి తీసుకెళ్ళారు. చెమట ఎందుకు పడుతుందని అడిగినవాణ్ణి ఇటుకల బట్టీ దగ్గర నిలబెట్టారు.

ఆయన శిష్యురాలు పైడితల్లికి రెండు మెడికల్ సీట్లు వచ్చాయి. ఒకటి ఢిల్లీలో, ఒకటి విశాఖలో. అంగన్‌వాడీలో ఆయాగా చేసే వాళ్ళమ్మ వీధంతా లడ్డూలు పంచింది. సంతోషం లేనిది పైడితల్లి ఒక్కదానికే. మర్నాడు సాయంత్రంలోగా ఏదో ఒక సీటు వదులుకోవాలి. పది రోజులుగా నోటుబుక్కులో రెండు గళ్ళు గీసుకుని మంచీ చెడ్డా రాస్తోంది. ఒక గడి పెరిగితే రెండోదాని మీద జాలేసి, దాన్నీ నింపుతోంది.

ఆ ఉదయం నోటుబుక్కు పట్టుకుని మాస్టారింటికి వచ్చింది. "సార్, మీరు చెప్పండి. ఏది తీసుకోను?"

కూర్మారావు గారు నోటుబుక్కు వైపు చూడలేదు. చెప్పులేసుకున్నారు. "గవరమ్మ మేకకి నొప్పులొస్తున్నాయని కబురొచ్చింది. నడు."

గవరమ్మ పాక ముందు గోనెపట్టా మీద మేక మెడ చాచి పడుకుని ఉంది. "పొద్దుట్నుంచీ ముక్కుతోంది బాబూ, పిల్ల మాత్రం రావట్నేదు," అంది గవరమ్మ, కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ. ఆ ఇంట్లో ఆ మేక తప్ప మరో తోడు లేదు.

"నా వేళ్ళు ఇప్పుడు సరిగ్గా ముడుచుకోవు. నీ చెయ్యి సన్నం," అన్నారు మాస్టారు. పైడితల్లి సబ్బుతో చేతులు కడిగి, కొబ్బరినూనె రాసుకుని, మోకాళ్ళ మీద కూర్చుంది. వెచ్చని చీకట్లో వేళ్ళకి రెండు చిన్న గిట్టలు తగిలాయి. ఆ రెంటినీ పట్టుకుని లాగింది. మేక గావుకేక పెట్టింది. కాళ్ళు అంగుళం కూడా కదల్లేదు.

"కాలు వెంబడి భుజం దాకా వెళ్ళు."

వెళ్ళింది. ఒక భుజం ఇటుంది, ఇంకో భుజం అటుంది. "సార్, ఇవి ఒక పిల్లవి కావు! రెండు పిల్లలు దారికి అడ్డంగా ఉన్నాయి!"

"అయితే ఒకదాన్ని వెనక్కి నెట్టు."

"దేన్ని?"

"నన్నడుగుతావేం? లోపలున్న చెయ్యి నీది."

పైడితల్లి కళ్ళు మూసుకుంది. గళ్ళూ గీతలూ ఏమీ గుర్తుకు రాలేదు. వెతుకుతూ పోతున్న వేలి కొసకి తడిగా, మెత్తగా ఒక మూతి తగిలింది. ఆ మూతి వేలిని అందుకుని ఒక్కసారి చప్పరించింది. "ఇది నన్ను పట్టుకుంది సార్!" అని గట్టిగా నవ్వేసి, రెండోదాన్ని నెమ్మదిగా లోపలికి జరిపింది. మేక మళ్ళీ ముక్కినప్పుడు మొదటిదాని కాళ్ళు పట్టి లాగింది. నల్లటి పిల్ల జారి ఒళ్ళో పడింది. ముక్కు తుడవగానే తుమ్మింది.

వెనక్కి నెట్టిన పిల్ల కోసం ఆమె మళ్ళీ చెయ్యి కడుక్కునే లోపే, అదే దారిన అది తనంత తానే వచ్చేసింది. మచ్చల పిల్ల. మేక రెంటినీ నాకడం మొదలుపెట్టింది. గవరమ్మ పైడితల్లి బుగ్గలు పుణికి, "బంగారు సెయ్యమ్మా నీది!" అని నోట్లో బెల్లం ముక్క కుక్కింది. పది రోజుల తర్వాత పైడితల్లికి తీపి తీపిగా తెలిసింది.

తిరిగొస్తూ దారి మధ్యలో ఆగిపోయింది. "సార్, ఢిల్లీ అనుకుంటే లెక్కలొస్తున్నాయి. విశాఖ అనుకుంటే నవ్వొస్తోంది."

ఆమె ఫోను తీసి, అక్కడే ఎండలో నిలబడి, ఢిల్లీ సీటు వదులుకుంటున్నట్టు నొక్కింది.

"అంత పెద్ద సీటు ఊరికే పోయింది కదా సార్?"

కూర్మారావు గారు నడక ఆపలేదు. "ఆ సీటు వెనకాల కూడా ఎక్కడో ఒక పిల్ల కాచుకునే ఉంటుంది," అన్నారు.