ఎదురు రా, ఆదెమ్మా

ఇది మన తాతల తాతలకు కూడా పాత కథ. అప్పుడు ఏ రాజు ఏలుతున్నాడో ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. ఆదెమ్మను మాత్రం గుర్తుపెట్టుకున్నారు. ఎందుకో చెబుతాను, ఊఁ కొడుతూ వినండి.

వాగుకు ఇవతల మోదుగపల్లె, అవతల వైద్యుడి ఇల్లు. మోదుగపల్లెలో ఆదెమ్మ అని ఒక విధవరాలు ఉండేది. అడవికి పోయి గంపెడు మోదుగాకు తెచ్చి విస్తర్లు కుట్టేది. ఊళ్లో ఏ పెళ్లి జరిగినా భోజనం ఆమె కుట్టిన విస్తట్లోనే. ఆమె మాత్రం పెళ్లి పందిట్లో అడుగుపెట్టకూడదు. ఎవరైనా పనిమీద బయల్దేరితే ఎదురు రాకూడదు. వచ్చిందంటే ఆ మనిషి వెనక్కి పోయేవాడు. కాళ్లు కడుక్కునేవాడు. కాసేపు కూర్చునేవాడు. అప్పుడు మళ్లీ బయల్దేరేవాడు. అదీ ఆ ఊరి ఆచారం.

వైద్యుడి పేరు విశ్వపతి. మంచి హస్తవాసి గలవాడు. ఆయనకూ ఒక నియమం ఉండేది. తనను పిలవడానికి మగవాడైనా రావాలి, ముత్తైదువైనా రావాలి, అదీ శకునం చూసుకుని రావాలి. శకునం చెడితే మందు పనిచేయదని ఆయన నమ్మకం.

మంచి రోజుల్లో ఇవన్నీ బాగానే నడుస్తాయి. చెడ్డరోజు వచ్చినప్పుడే వాటి బరువు తెలుస్తుంది.

ఒక ఎండాకాలం వాగు ఎండి చెలమలు మిగిలాయి. ఊళ్లో వాంతులు, భేదులు పుట్టాయి. పొద్దున నాగలి పట్టినవాడు సాయంత్రానికి పాడె ఎక్కాడు. విశ్వపతి దగ్గర కషాయం ఉంది. కానీ రోగి నాలుక తడిగా ఉండగానే పొయ్యాలి. నాలుక ఎండాక పోస్తే గొంతు దిగదు.

మొదట గవరయ్య పడ్డాడు. అతని తమ్ముడు వైద్యుడి కోసం పరుగెత్తాడు. సందు మలుపులో ఆకుల గంపతో ఆదెమ్మ ఎదురైంది.

"నీ మొహం మండ! ఇప్పుడే రావాలా?" అని తిట్టి వెనక్కి పోయాడు. కాళ్లు కడుక్కున్నాడు. కాసేపు కూర్చున్నాడు. మళ్లీ బయల్దేరాడు. వైద్యుడు వచ్చేసరికి గవరయ్య నాలుక ఎండిపోయింది.

"ముందే ఎందుకు పిలవలేదు?" అన్నాడు వైద్యుడు.

జనమంతా ఆదెమ్మ ఇంటివైపు చూశారు. ఆదెమ్మ తలుపు మూసుకుంది.

తర్వాత ముసలి నాంచారమ్మ పడింది. ఆమెకు నా అన్నవాళ్లు లేరు. రోగమంటే భయపడి ఎవరూ గడప దాటలేదు. ఆదెమ్మే వాగు దాటి, వైద్యుడి ఇంటికి దూరంగా నిలబడి పిలిచింది. ఆయన తలుపు చాటునుంచే, "నువ్వు పిలిస్తే నేను రాకూడదు. ముత్తైదువను పంపు" అన్నాడు. ఆదెమ్మ తిరిగొచ్చి ఇల్లిల్లూ బతిమాలింది. చివరికి ఒకామె ఒప్పుకుని, తల దువ్వుకుని, బొట్టు పెట్టుకుని వెళ్లింది. వైద్యుడు వచ్చేసరికి నాంచారమ్మ నాలుక ఎండిపోయింది.

"ముందే ఎందుకు పిలవలేదు?" అన్నాడు వైద్యుడు.

మూడోసారి వెంగమ్మ కూతురు బంగారి పడింది. వెంగమ్మది ఆదెమ్మ పక్కిల్లే. ఊళ్లో ఆదెమ్మను అందరికంటే ఎక్కువ తిట్టిందీ ఆమే. మొగుడు చెంచయ్య వర్జ్యం పోయాక బయల్దేరతానని గడపలో కూర్చున్నాడు. గోడ అవతల ఆదెమ్మకు పిల్ల మూలుగు వినబడుతోంది. కాసేపటికి ఆ మూలుగు సన్నబడింది.

ఆదెమ్మ గంపలో ఆకులు నేల మీద కుమ్మరించి, ఖాళీ గంపతో వచ్చింది.

"పిల్లను ఇందులో పడుకోబెట్టు."

"నువ్వా? నా గడప తొక్కుతావా?"

"తిరిగొచ్చాక తిట్టు వెంగమ్మా, తీరిగ్గా కూర్చుని వింటాను. ముందు దాని నాలుక చూడు."

వెంగమ్మ చూసింది. పిల్లను గంపలో పెట్టింది. ఆదెమ్మ గంప నెత్తికెత్తుకుని వాగు దాటి, వైద్యుడి అరుగు మీద దించింది.

"మళ్లీ నువ్వేనా? నువ్వు పిలిస్తే రానన్నానుగా!"

"పిలవడానికి రాలేదయ్యా. పిల్లనే తెచ్చాను. నా మొహం చూడొద్దులెండి, దాని నాలుక చూడండి" అని గోడవైపు తిరిగి నిలబడింది.

వైద్యుడు చూశాడు. నాలుక ఇంకా తడిగా ఉంది. బంగారి బతికింది.

ఆ తర్వాత ఎవరింట్లో రోగం వచ్చినా రోగిని ఆదెమ్మ గుమ్మం ముందు దించి పోయేవారు. పిల్లల్ని గంపలో మోసింది. పెద్దల్ని వీపున మోసింది. చాలామంది బతికారు. అయినా ఆమె వీధిలోకి వస్తే తలుపులు మూసుకునేవి. వాళ్లకు ఆమె వీపు కావాలి, మొహం అక్కర్లేదు. ఇది మనుషులు చేసిన పనే. దీన్ని నేను మెత్తగా చెప్పను.

చివరికి ఆదెమ్మే పడింది. మోసేవాళ్లు లేరు. తెల్లవారుతుండగా పాక్కుంటూ వాగు దారి పట్టింది. దారి మలుపులో పడిపోయింది. అప్పుడే ఎడ్ల సంతకని చెంచయ్య అటు వచ్చాడు. ఆమె చెయ్యెత్తింది.

చెంచయ్య వెనక్కి తిరిగాడు. ఇంటికెళ్లి కాళ్లు కడుక్కున్నాడు. కాసేపు కూర్చున్నాడు.

"సంతకు పోలేదేం?" అంది వెంగమ్మ.

"ఆదెమ్మ ఎదురైంది. దారిలో పడుకుని ఉంది."

"పడుకుని ఉందా!"

వెంగమ్మ పరుగెత్తింది. ఆదెమ్మను వీపున వేసుకుని, పడుతూ లేస్తూ వాగు దాటింది. వైద్యుడు వంగి చూశాడు. నాలుక ఎండిపోయింది.

"ముందే ఎందుకు..." అని, ఆగిపోయాడు.

"ఎదురొచ్చిందని, అయ్యా" అంది వెంగమ్మ. "ఎదురొచ్చిందని మా ఆయన ఇంటికొచ్చి కాళ్లు కడుక్కున్నాడు."

ఇప్పటికీ మోదుగపల్లెలో ఎవరికైనా జబ్బు చేస్తే వర్జ్యం చూడరు, శకునం చూడరు, కబురు పంపి కూర్చోరు. రోగిని మంచంతో సహా ఎత్తుకుని బయల్దేరతారు. దారిలో విధవరాలు ఎదురైతే ఆగి, మంచం మీద ఒకసారి చెయ్యి వెయ్యమని అడుగుతారు. వాగు దారి మలుపు దగ్గర చిన్నాపెద్దా అంతా గొంతెత్తి, "ఎదురు రా, ఆదెమ్మా!" అని పిలుస్తారు.

ఆమె బతికుండగా ఆ మాట ఒక్కరూ అనలేదు.