బోడి నెమలి పెళ్లి

ఎక్కడో ఒకానొక రాజ్యంలో రణభీముడనే రాజుండేవాడు. పేరు విని దడుచుకోనక్కర్లేదు. ఆయన యుద్ధమంటూ చేస్తే అద్దం ముందే చేసేవాడు.

ఒకసారి ఆయనకు కొత్త విసనకర్ర మీద మనసైంది. వెంటనే తోటలోని మగనెమలి తోక ఈకలన్నీ పీకించేశాడు. వానలు పడ్డాయి. పాపం, నెమలి పురి విప్పబోయింది. విప్పడానికి పురేదీ? ఆడనెమళ్లు ఒక్క చూపు చూసి, గింజలు ఏరుకుంటూ అవతలికి పోయాయి. ఆ ఏడు తోటలో ఒక్క గుడ్డూ లేదు.

రాజుకు ఒళ్లు మండిపోయింది. నెమళ్ల కాపరి సింగన్నను పిలిపించి, "నా నెమలిని కాదనడానికి ఆ ఆడపిట్టలెవరు? నేను చూపించిన మగవాణ్ణి ఒప్పుకోవాల్సిందే! పున్నమిలోగా గుడ్డు కనబడలేదో, నువ్వు పెళ్లాంబిడ్డలతో పొలిమేర దాటాలి!" అని అరిచాడు.

సింగన్న ఏడుస్తూ వెళ్లి, కొలువులో చమత్కారి అని పేరున్న మల్లరసు కాళ్ల మీద పడ్డాడు. "నా కూతురు పచ్చి బాలింత బాబూ, ఎక్కడికి పోను?"

మల్లరసు అతని భుజం పట్టుకున్నాడు. "ఆయన విసురుకోవడానికి నువ్వు ఊరు విడవాలా! లే, నేను చూస్తాగా," అన్నాడు.

మర్నాడు కొలువులో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ప్రభూ, తమ మాట పిట్టల దగ్గరే ఆగిపోవడమేమిటి? మగవాడికి సోకు అనవసరం, చూపించినవాణ్ణి ఆడది ఒప్పుకోవాల్సిందే అని శాసనం వేయించండి. మగవాళ్ల అలంకారాలన్నీ ఖజానాలో పెట్టి తాళం వేద్దాం."

"భేష్!" అని రాజు ముద్ర గుద్దేశాడు. చదివాడా అంటే, ఆయన చదవడం కూడానా!

అప్పటికే రాజుకు పొరుగు రాకుమారితో పెళ్లి మాటలు నడుస్తున్నాయి. మూడో రోజున ఆమె మేనత్త పెళ్లికొడుకును చూసుకోవడానికి వచ్చి చావడిలో కూర్చుంది. లోపల రాజుగారి గావుకేకలు మొదలయ్యాయి. "నా ముత్యాల తలపాగా ఏదిరా? భుజాలకు కట్టుకునే దూది మెత్తలేవి? ఎత్తు మడమల జోళ్లేవి?"

"ఖజానాలో ఉన్నాయి ప్రభూ," అన్నాడు మల్లరసు. "శాసనంలో మొదటి పేరు తమదే."

"తెరిపించు! ఈ బట్టతలతో కనబడితే ఆవిడ గుమ్మంలోంచే వెనక్కి పోతుంది!"

"ఎందుకు పోతుంది ప్రభూ? చూపించినవాణ్ణి ఒప్పుకోవాల్సిందేగా?"

"నీకేమైనా మతిపోయిందా? చూసి నచ్చితేనే కదయ్యా పిల్లనిస్తారు!"

"ఆడనెమళ్లూ ఆ మాటే అంటున్నాయి, నోరు లేదంతే. తలపాగా ఒక్క పూట కనబడకపోతేనే తమరింత గోల చేస్తున్నారే! దాని తోకంతా పీకించి, గుడ్లు పెట్టలేదని ఆ బీదవాణ్ణి వెళ్లగొడతారా?"

రాజు అద్దంలో తన బోడి తల చూసుకున్నాడు. అంతే, పొట్ట అదిరేలా నవ్వేశాడు. "చంపావు కదయ్యా మల్లరసూ!"

శాసనం అక్కడికక్కడే చింపించాడు. సింగన్న ఎక్కడికీ పోనక్కర్లేదన్నాడు. ఇకమీదట రాలిన ఈకలే ఏరుకోవాలని ఆజ్ఞాపించాడు. ఖజానా తెరిపించి, ముత్యాల తలపాగా మల్లరసు చేతిలో పెట్టాడు. "తీసుకో, నీకు బహుమానం!"

మల్లరసు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, జాగ్రత్తగా రాజు నెత్తినే పెట్టాడు.

"నాకెందుకు ప్రభూ? మా ఆవిడ నన్ను ఇవేవీ లేకుండానే ఒప్పుకుంది. తమ సంగతే ఇంకా తేలలేదు."

రాజు మళ్లీ పగలబడి నవ్వి, తన పట్టుశాలువా అతని భుజాన కప్పాడు. ఆపైన దూది మెత్తలు సర్దుకుంటూ మేనత్తగారి దగ్గరకు పరుగెత్తాడు.