గవరయ్య వండిన పెసరకట్టు

ఇలా దగ్గరికి జరగండర్రా. అనగనగా ఏటి ఒడ్డున ఒక ఊళ్ళో గవరయ్య అని ఒక ముసలాయన. ఆయన పెళ్ళాం అప్పలకొండ చచ్చిపోయింది పాపం. ఘడియ దగ్గరపడితే రాజునైనా ఆపేదెవరు?

పెద్దకర్మనాడు గట్టుమీద ఆకు వేసి ముద్ద పెట్టారు. పోయినవాళ్ళు కాకై వచ్చి ముట్టాలి కదా! రోజూ వండేది కనక చేపల పులుసే దానికిష్టమని గవరయ్య చెప్పాడు, అదే పెట్టారు. కాకి వచ్చింది, చూసింది, ఎగిరిపోయింది. మర్నాడూ అంతే. పెళ్ళాం ఆకలితో తిరుగుతోందని గవరయ్యకి ఒకటే దిగులు. ఊఁ కొడుతున్నారా? కొట్టకపోతే నేనూ పడుకుంటాను.

వంట కుదరలేదేమోనని రాజుగారి కోటకి పోయాడు. అక్కడ పెద్ద వంటల పుస్తకం ఉందట. పంతులుగారు చదివి వినిపించారు: వెయ్యిమందికి ఇన్ని పుట్ల బియ్యం, ఇంత కుంకుమపువ్వు, తగినంత ఉప్పు. తగినంతంటే ఎంత బాబూ అని అడిగితే, వండేవాళ్ళకి తెలుస్తుంది పొమ్మన్నారు. మన గవరయ్య ఎప్పుడు వండాడు గనక! మంచినీళ్ళు కూడా కూచున్నచోటికే రావాలి ఆ మహానుభావుడికి.

సిగ్గు చంపుకుని పక్కింటి పైడమ్మ గుమ్మంలో నిలబడ్డాడు. పైడమ్మ ఊరుకునే రకమా? కడిగేసింది.

"పులుసు నీకిష్టం అన్నయ్యా, దానికి కాదు. గొంతులో ముల్లు దిగినప్పట్నించీ అది చేప ముట్టనే లేదు. జ్వరంతో పడుకుని, ఎవరైనా ఇంత వేడన్నం, పెసరకట్టు వండి పెడితే బాగుణ్ణు వదినా అంది. నువ్వూ విన్నావు. మరి నా పులుసో అన్నావు."

 నువ్వే కాస్త వండిపెట్టు చెల్లీ అని గవరయ్య బతిమాలాడు. నేను వండితే నా వంటవుతుందంది. ఎలా వండాలో మాత్రం చెప్పింది: పెసరపప్పు మెత్తగా ఉడకనియ్యి, మెదిపి నీళ్ళు పొయ్యి, చిటికెలతో ఉప్పెయ్యి, జీలకర్రా ఎండుమిరపకాయా తాలింపు పెట్టు. ఇంతే.

ఇంతే అనుకున్నాడు. పొయ్యి రాజేస్తే పొగ, పొగకి కన్నీళ్ళు, కన్నీళ్ళు తుడుచుకుంటే పప్పు పొంగు, పొంగు చూస్తే అన్నం మాడు! పొగకి ఏడ్చాడో పెళ్ళానికి ఏడ్చాడో, నేనేం చూశానా?

ఆ మాడన్నమే, ఆ కట్టే ఆకులో పెట్టి, వేడిగా ఉంది, తినవే అన్నాడు. కాకి వచ్చింది. ముట్టింది. మెతుకు మిగల్చకుండా తింది. తిన్నంతసేపూ పక్కనే కూచున్నాడు, దొప్పలో మంచినీళ్ళు పెట్టాడు. ఊరంతా అమ్మయ్య అనుకుని ఇళ్ళకి పోయారు. గవరయ్య మాత్రం, ఇంత తేలికైన వంట బతికుండగా ఒక్కపూట చెయ్యలేకపోయానే అని పొద్దుగూకేదాకా అక్కడే ఉన్నాడు.

అందుకేనర్రా, పెట్టేదేదో మనిషికి పెట్టాలి, కాకికి కాదు. కథ కంచి దారి పట్టింది, మీరు వంటింటి దారి పట్టండి. మీ అమ్మ తిన్నదో లేదో అడిగొచ్చి పడుకోండి.