చేపల జిక్ర్

దస్తగిరికి ఒకటే దిగులు. దర్గా ఫకీరు సైదా షా బాబా దగ్గర శిష్యుడిగా చేరి ఇన్నాళ్ళైనా జపించడానికి ఆయన ఇచ్చింది ఒకే ఒక్క దైవనామం. జిక్ర్‌కి ఇంకో నామం ఇప్పించండి బాబా అని ఎప్పుడడిగినా, ఇచ్చింది అరిగిపోయిందా అని అడిగి తస్బీ పూసలు తిప్పుకుంటారు.

ఫకీరు కాకముందు దస్తగిరి చేపల చెరువుల మందుల కొట్టులో పనిచేశాడు. అక్కడ నేర్చుకున్నది సగం, మర్చిపోయింది సగం. రెండూ కలిపి నిండు విద్య అనుకునేవాడు. అందుకే దర్గా పక్క చెరువు తనకు అప్పగించగానే, ఉరుసుకొచ్చే జనమంతా చెప్పుకునేలా చేపలు పెంచుతానని మాట ఇచ్చేశాడు.

చెరువుకి బలం వేశాడు. కోడి ఎరువు, యూరియా, సూపర్ ఫాస్ఫేటు. నీళ్ళు లేత బంగారు రంగు తిరిగాయి. గాజు పెంకులుండే డయాటమ్ నాచు అది, చేపపిల్లలకు విందు. పొంగిపోయి ఇంకాస్త వేశాడు. ఆకుపచ్చ నాచు పట్టింది. అదీ మంచిదేగా అని మరికాస్త వేశాడు. ఈసారి నీలిపచ్చ నాచు వచ్చి, రంగు డబ్బా ఒలికినట్టు నీటిపైన మీగడ కట్టింది. దాన్ని చేపలు ముట్టవు. కొట్టులో ఆ సంగతి చెప్పిన రోజు మనవాడు సెలవు పెట్టి ఉంటాడు.

ఓ రోజు తెల్లవారుజామున ఫజర్ నమాజుకి లేచి చెరువు వైపు చూసి నిలబడిపోయాడు. నీళ్ళ మీద ఎక్కడ చూసినా చేపల నోళ్ళే. తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి, తెరుచుకుంటున్నాయి. పరుగున వెళ్ళి బాబాను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాడు.

"జిక్ర్ చేస్తున్నాయి బాబా! నేను పెంచిన చేపలు!"

బాబా ఒక్క చూపు చూశారు.

"ఏ నామం పలుకుతున్నాయి దస్తగిరీ?"

దస్తగిరి గట్టు మీద వంగి చెవి ఒగ్గాడు. అతని మొహానికి జానెడు దూరంలో ఓ పెద్ద బొచ్చె చేప నోరు తెరిచి, అలాగే వెల్లకిలా తిరగబడింది.

కొట్టులో రైతులకు తను రోజూ అప్పజెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది. పగలు గాలినిచ్చే నాచే, రాత్రంతా ఆ గాలి తాగేస్తుంది.

"గాలి," అన్నాడు. "గాలి అడుగుతున్నాయి బాబా."

బాబా అప్పటికే లుంగీ ఎగగట్టి చెరువులోకి దిగారు. గట్టుకి కట్టిన మేత పడవలోంచి ఒక తెడ్డు తను తీసుకుని, రెండోది అతని చేతికిచ్చారు. నీళ్ళలో గాలి కలిసేలా ఇద్దరూ దబదబా కొట్టారు. మీగడ చీలింది, నురగ లేచింది, భుజాలు పట్టేశాయి. పొద్దెక్కేసరికి బతికినవి ఒక్కొక్కటే అడుక్కి దిగాయి. చచ్చినవి తెల్లటి పొట్టలతో గట్టుకి కొట్టుకొచ్చాయి.

దస్తగిరి కూలబడ్డాడు.

"బలమే కదా బాబా వేశాను."

"ఆకలి లేని నీళ్ళకి అన్నం పెట్టావు నాయనా."

బాబా తడి లుంగీ అంచు పిండుకుంటూ, ఏదో గుర్తొచ్చినట్టు తలెత్తారు.

"ఇంకో నామం అడిగావుగా. ఇమ్మంటావా?"

దస్తగిరి తెడ్డు అందుకుని మళ్ళీ చెరువులోకి దిగాడు. దెబ్బకొక్కసారి ఆ ఒక్క నామమే పలుకుతూ నీళ్ళు కొట్టసాగాడు.