మంగతాయారు అడవిని ఊడ్చిన వైనం

మంగతాయారుకి తన ఇంటిల్లిపాది తెలివి మీద మహా గురి. మొగుడు విస్సన్న, మరిది కామేశం, తను. ముగ్గురూ చెప్పింది చెప్పినట్టు చేస్తారు, చెప్పనిది ఆలోచించరు. తెలివంటే అదేనని ఆవిడ నమ్మకం.

కార్తీక సోమవారంనాడు ముగ్గురూ కొండమీది అడవి చూడ్డానికి బయల్దేరారు. ఇంట్లో అత్తగారికి ఉపవాసం. చుక్కలు చూశాకే భోజనం. పిల్లి దూరుతుందని మంగతాయారు వంటింటికి తాళమేసి, తాళంచెవి బొడ్లో దోపుకుంది. అంటే ఏమిటి? పొద్దుగూకేసరికి వీళ్ళు ఇల్లు చేరకపోతే ముసలావిడకి పస్తే.

అడవి చూపించే గైడు చిలకమ్మ, వీళ్ళతోబాటు వచ్చిన జనమందరికీ చెప్పింది: "అడవిలోది ఏదీ పట్టుకెళ్ళొద్దు. మీది ఏదీ ఇక్కడ వదలొద్దు."

ఇంకేముంది! వలిసె పూల పక్కన నడుస్తుంటే ఉత్తరేణి గింజలు చీరకు అంటుకున్నాయి. "అయ్యో, అడవిలోవి!" అంటూ ఒక్కొక్కటీ పీకి, మళ్ళీ కొమ్మకే అంటించబోయారు. అవి నిలవవు, వీళ్ళు కదలరు. మిగతా జనం ముందుకెళ్ళిపోయారు.

"వదినా, వెనక్కి చూడు! మన అడుగులు వదిలేసి వస్తున్నాం!" అన్నాడు కామేశం.

అంతే. మంగతాయారు రాలిన రెమ్మ ఒకటి తీసుకుని అడుగులన్నీ ఊడ్చేసింది. ముందెళ్ళినవాళ్ళవి కూడా, పుణ్యానికి. అడుగుజాడే దారి చూపిస్తుందని ఒకటో తరగతి పిల్లకైనా తెలుసు. వీళ్ళకి తెలీదు.

"ఎటునుంచి వచ్చామే?" అన్నాడు విస్సన్న.

"ఊడ్చినవైపు నుంచి."

"ఊడ్చింది ఎటు?"

"శుభ్రంగా ఉన్నవైపు."

"అడవంతా శుభ్రంగానే ఉందిగా!"

పొద్దు వాలుతుండగా చిలకమ్మ వెతుక్కుంటూ వచ్చింది. "ఇదేం బుద్ధమ్మా! పదండి. నేను ఈ అడవిలోనే పుట్టి పెరిగాను, రోడ్డుదాకా దిగబెడతా."

మంగతాయారు రెండు చేతులూ అడ్డం పెట్టింది. "అడవిలో పుట్టారా? అయితే మిమ్మల్ని పట్టుకెళ్ళకూడదు!" ముగ్గురూ కలిసి చిలకమ్మని బండమీద కూచోబెట్టారు. లేవబోతే భుజాలు నొక్కారు.

"మీకో దండం," అంది చిలకమ్మ విసిగిపోయి. "అదిగో, ఆ సూర్యుడికేసి నడవండి. అరగంటలో రోడ్డొస్తుంది."

నడిచారు. పావుగంటకి సూర్యుడు కొండ వెనక మునిగిపోయాడు. ముగ్గురూ ఠక్కున ఆగిపోయారు. అవతల బస్సు హారను వినిపిస్తూనే ఉంది.

"అక్కడ అమ్మ చుక్కలు చూస్తుంటుందే!" అన్నాడు విస్సన్న.

"కంగారుపడకండి," అంది మంగతాయారు, తాళంచెవి తడుముకుని. పడమటికి తిరిగి చక్కగా బాసింపట్టు వేసుక్కూచుంది. "మునిగినచోటే గదా తేలతాడు. తేలగానే వెళ్ళిపోదాం."