చిగురి పెంచిన తాబేలు

ఇప్పచెట్లు దట్టంగా పెరిగిన గుర్రాలమెట్ట అడవిలో కోతులు, దుప్పులు, ఏదుపందులు ఉండేవి. ఆ కోతుల్లో చిగురి ఒక తల్లి. వానాకాలంలో వాగు పొంగి దాని పిల్లను ఈడ్చుకుపోయింది. ఆ దుఃఖంలో ఉండగానే రాళ్ల మధ్య ఒక తాబేలు పిల్ల దొరికింది. చిగురి దాన్ని గుండెకు హత్తుకుంది. గుండ్రాయి అని పేరు పెట్టి సొంత బిడ్డలా పెంచసాగింది.

కోతులు దొరికిన తిండిని బుగ్గల్లో దాచుకుంటాయి కదా. చిగురి కూడా పండ్లను బుగ్గలో దాచి తెచ్చేది. మెత్తగా నమిలి, ఆ గుజ్జునే గుండ్రాయి నోట్లో పెట్టేది. అది గడ్డి వైపు మెడ చాచిందంటే చాలు, చటుక్కున ఎత్తుకునేది.

నెలలు గడిచాయి. గుండ్రాయి పైముక్కు వంకర తిరిగి కిందికి పెరిగింది. గద్ద ముక్కులా ఎంత దర్జాగా ఉందో అని కోతులన్నీ మెచ్చుకున్నాయి. చిగురి మురిసిపోయింది.

ఒకనాడు సూదమ్మ అనే ముసలి ఏదుపంది రాలిపోయిన దుప్పికొమ్మును కొరుకుతూ, ఆ ముక్కును చూసి ఆగిపోయింది.

"అది అందం కాదు చిగురీ. తాబేలుకు పళ్లుండవు, ఆ ముక్కే దానికి పన్ను. నా పళ్లలాగే పెరుగుతూనే ఉంటుంది. గట్టివి కొరికితేనే అరుగుతుంది. ముదురాకులు, నత్తలు దాన్నే తిననియ్యి."

"కొమ్ములు కొరుక్కునే ఖర్మ నీది. తల్లి ఉన్న బిడ్డకు ఆ గతి ఎందుకమ్మా?" అని చిగురి విసురుగా వెళ్లిపోయింది.

ఎండలు ముదిరేసరికి గుండ్రాయి నోరు మూతపడటం మానేసింది. పెట్టిన గుజ్జు పక్కనుంచి కారిపోయేది. నోట్లో పుండ్లు పడ్డాయి. చిగురి ఇంకా మెత్తగా నమిలింది. చివరికి రసం పిండి పోసింది. అదీ దిగలేదు. గుండ్రాయి కళ్లు తెరవడం కూడా మానేసింది. ఈ బిడ్డా పోతుందని చిగురి గుండె జారింది. సిగ్గు విడిచి, గుండ్రాయిని ఎత్తుకెళ్లి సూదమ్మ బొరియ ముందు చతికిలబడింది.

సూదమ్మ దెప్పలేదు. "పెరిగిన ముక్కును కొరికి తీసేస్తాను. తల కదిలితే ప్రాణానికే ముప్పు. నువ్వే పట్టుకోవాలి" అంది.

చిగురి ఆ చిన్న తలను రెండు చేతులతో బిగించి పట్టుకుంది. గుండ్రాయి బుసకొట్టింది, కాళ్లు తన్నుకుంది. చిగురి కళ్లు మూసుకుంది గానీ, సూదమ్మ ముక్కును కొరికి తీసేదాకా పట్టు వదల్లేదు.

పుండ్లు మానాయి. గుండ్రాయి మోటుగడ్డిని తనే తుంచుకుని తింది. నత్తలు కొరికింది. బతికింది. అప్పటినుంచి అడవిలో ఏ తల్లికి ఏ సందేహం వచ్చినా సూదమ్మ బొరియకే వెళ్లేది.

కానీ చిగురి చేతులు కనబడితే చాలు, గుండ్రాయి తల లోపలికి లాక్కునేది. అందుకని చిగురి దాని దగ్గరికి వెళ్లడం మానేసింది. పైకొమ్మ మీద కూర్చుని, కింద అది గడ్డి కొరికే చప్పుడు వింటూ ఉండేది.

నీతి: బిడ్డ కొరకాల్సింది తల్లే కొరికి పెడితే, అది ముద్దే గానీ మేలు కాదు.