బిందెకు చెప్పిన మాట

ఎవరైనా ప్రశ్న అడిగితే ఆశ్రమం గురువు శంభయ్యగారు జవాబు చెప్పేవారు కాదు, చెప్పులు వేసుకునేవారు. ఆయన లేచారంటే అడిగినవాడు వెంట నడవాల్సిందే, ఎండయినా వానయినా. ఈయన్ని అడగడం కంటే తెలియకుండా ఉండడమే సుఖమని ఆశ్రమంలో కాళ్ల నొప్పులవాళ్లు గొణుక్కునేవారు.

ఆశ్రమంలో పనిచేసే గంగాచారి ఆయన్ని అడిగింది మాత్రం కాళ్ల నొప్పులకు భయపడి మానుకునే ప్రశ్న కాదు. పురిట్లోనే అతని బిడ్డ పోయింది. భార్య భ్రమర గుండెలవిసేలా ఏడుస్తుంటే అతను గోడవైపు చూస్తూ కూర్చున్నాడు. కంట తడి లేదు, నోట మాట లేదు. బండరాయితో కాపురం తన వల్ల కాదని ఆమె పుట్టింటికి వెళ్లిపోయింది. అమావాస్య లోపు వచ్చి తన కూతురితో మాట్లాడకపోతే ఇక పంపేది లేదని మామగారు కబురు పెట్టాడు.

"వెళ్లి ఏం చెప్పను గురువుగారూ? లోపల ఏముందో చూద్దామంటే నాకేమీ కనబడదు. నాకసలు గుండె లేదాండీ?"

శంభయ్యగారు చెప్పులు వేసుకున్నారు.

నడిచి నడిచి ఇద్దరూ చేరింది గంగాచారి పుట్టి పెరిగిన కంచరి వీధికి. అక్కడ అతని ఇంట్లో తెల్లవారింది మొదలు దీపాలు పెట్టేదాకా ఇత్తడి మీద సుత్తి మోతే. ఆ మోతలో మాట వినబడదు గనుక ఇంటిల్లిపాదీ చేతి సైగలతో బతికేవారు. నీళ్లకో సైగ, పటకారుకో సైగ, అన్నానికో సైగ. దిగులుకు మాత్రం సైగ లేదు. అవసరం పడలేదా అంటే, పడకేం, ఎవరూ కనిపెట్టలేదంతే. ఏడ్చినా వినబడని ఇంట్లో పిల్లలు ఏడవడం మానేస్తారు. పెద్దయ్యాక గంగాచారి సుత్తి వదిలి ఆశ్రమం పనుల్లో చేరాడు గానీ, ఆ అలవాటు అతన్ని వదల్లేదు.

గురువుగారు ఆ ఇంటి గోడకు ఇవతలే ఆగారు. లోపల సుత్తి మోగుతోంది.

"మీ నాన్న ఎలా ఉన్నాడు?"

"దిగులుగా ఉన్నాడండీ" అన్నాడు గంగాచారి, తడుముకోకుండా.

"చూశావా?"

"చూడక్కర్లేదండీ. మోత వింటేనే తెలుస్తోంది, బిందె పని అయిపోయింది. అయినా వదల్లేక ఊరికే తడుముతున్నాడు. మా తాత పోయిననాడూ ఇలాగే..."

అంటూ ఆగిపోయాడు. తన నోట వచ్చిన మాట తనకే వింతగా తోచింది. దిగులుగా ఉందని తండ్రి ఏనాడూ చెప్పిన పాపాన పోలేదు. మరి తనకెలా తెలుసు?

లోపలికి వెళ్లారు. ముసలి కనకాచారి కొడుకును చూసి, సుత్తి అతని చేతికిచ్చి, పక్కకు జరిగి చోటిచ్చాడు. గంగాచారి బిందెను దాగలి దిమ్మ మీదికెక్కించి కొట్టాడు. మొదట చేయి తడబడింది, తరవాత దారిన పడింది. ఏం కొడుతున్నాడో అతనికి తెలియదు, చేతికి తెలుసు. కాసేపు గట్టిగా, కాసేపు బిడ్డను నిద్రపుచ్చేంత మెల్లగా, ఆగి, మళ్లీ మొదలెట్టి కొట్టాడు.

వంటింట్లోంచి తల్లి ముక్తమ్మ పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది. "ఒరే నాయనా, ఇంత కడుపులో పెట్టుకుని తిరుగుతున్నావట్రా" అంటూ అతని తల పొట్టకు అదుముకుంది. తండ్రి ముఖం అటు తిప్పుకుని పైపంచతో కళ్లొత్తుకున్నాడు. పక్కింట్లో సుత్తి ఆగింది. ఎదురింట్లో ఆగింది. ఆ వీధి పట్టపగలు అంత నిశ్శబ్దంగా ఉండడం గంగాచారి పుట్టాక ఎరగడు. వీధి వీధంతా తన బిడ్డ కోసం చేతులాపి కూర్చుంది. బిందె మీద ఓ చుక్క పడితే వేలితో ముట్టి చూసుకున్నాడు, అది తన కంటిదేనా అన్నట్టు.

పొద్దు వాలకముందే బయలుదేరారు. అత్తవారి ఊరికి దారి చీలే చోట గురువుగారు నిలబడిపోయారు.

"భ్రమరది వడ్రంగుల ఇల్లండీ" అన్నాడు గంగాచారి, అడుగు ముందుకు పడక. "ఈ మోత ఆమెకేం తెలుస్తుంది?"

శంభయ్యగారు ఆశ్రమం వైపు తిరిగారు.

"బిందెకు చెప్పావుగా నాయనా, ఆమెకూ చెప్పు. బిందె కంటే బాగానే వింటుంది."